కోరేగావ్ రాయి మీది పేర్లు
(జనవరి 1న వాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వీరులంటే ఎవర్రా అని బడిలో అడిగితే పిల్లలు రాజుల పేర్లే చెప్తారు. మన వాడ పిల్లలూ అవే చెప్తారు. తప్పు వాళ్లది కాదు. మనం చదివిన పుస్తకాల్లో యుద్ధం చేయించినవాడి పేరుంటుంది గానీ చేసినవాడి పేరుండదు. అందుకే ఇవాళ, చేసినవాళ్ల పేర్లు చెక్కి ఉన్న ఒక రాయి గురించి మాట్లాడుకుందాం.

మహారాష్ట్రలో పుణె దగ్గర భీమా నది ఒడ్డున కోరేగావ్ ఉంది. ఆ సీమను ఏలినవాళ్లు పీష్వాలు, బ్రాహ్మణ పాలకులు. వాళ్ల రాజ్యంలో పుణెలో అంటరానివాడు మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చేదని బాబాసాహెబ్ 1936లో ‘కులనిర్మూలన’లో రాశారు. ఉమ్మి నేల మీద పడగూడదు, అడుగుజాడ మిగలగూడదు. అదీ వాళ్ల ధర్మం!

1817 డిసెంబర్ 31 రాత్రి, ఈస్టిండియా కంపెనీ పటాలం ఒకటి శిరూరు నుంచి పుణెకు బయల్దేరింది. కాల్బలం, గుర్రపు దళం, రెండు ఫిరంగులు, అంతా కలిపి సుమారు 834 మంది. కాల్బలంలో మహార్లు చాలామంది. రాత్రంతా నడిచి తెల్లారి కోరేగావ్ చేరేసరికి నది అవతల రెండవ బాజీరావు సైన్యం, సుమారు 28 వేల మంది. వెనక్కి పోయే వీలు లేదు. ఊళ్లో గోడల చాటున నిలబడ్డారు. పొద్దంతా పోరాటం. తిండి లేదు, నీళ్లు లేవు. ఒక ఫిరంగి శత్రువు చేతికి పోతే మళ్లీ పోయి లాక్కొచ్చారు. చీకటి పడ్డాక పీష్వా సేన వెనుదిరిగింది. కంపెనీ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిసి 275 మంది.

1821లో కంపెనీ అక్కడ స్తంభానికి పునాది వేసింది. దాని మీద చనిపోయిన 49 మంది సిపాయిల పేర్లున్నాయి. అందులో 22 పేర్ల చివర ‘నాక్’ అని ఉంటుంది. అది మహార్ల పేరు గుర్తు. ఊరు ఏరా, ఒరే అని పిలిచిన మనుషులు, రాయి మీద నిండు పేర్లతో నిలబడ్డారు!

ఇక్కడ ఒక మాట. గొప్ప కోసం మనకు అబద్ధం అక్కర్లేదు. 500 మంది మహార్లే 28 వేల మందిని చంపారని కొందరు చెప్తారు. అది నిజం కాదు. ఆ 28 వేల మందీ ఊళ్లోకి దిగలేదు, దిగింది రెండు వేల దాకా. కంపెనీ పటాలంలో మరాఠాలు, ముస్లింలు, తెల్లవాళ్లు కూడా ఉన్నారు. మనవాళ్లు జీతానికి పోరాడారు, కంపెనీ గెలుపు కంపెనీదే. అయినా, ముంత కట్టిన మెడ ఆ రోజు వంగలేదు. ఆ నిజం ఒక్కటి చాలు మనకు.

మరి కంపెనీ వారసులు ఏం చేశారు? 1890ల్లో ‘వీరజాతులు’ అని కులాల జాబితా వేసి, మహార్లు యుద్ధానికి పనికిరారని చేర్చుకోవడం ఆపేశారు. రాయి అక్కడే ఉంది, పేర్లూ ఉన్నాయి, కానీ వీరత్వం పుట్టుకలో ఉందట! మనువు మాటకూ దొర మాటకూ తేడా ఏముంది? మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి 1917లో మహార్ పటాలం పెట్టారు, 1921లో రద్దు చేశారు. మళ్లీ యుద్ధమొస్తే 1941లో మహార్ రెజిమెంట్ పెట్టారు. అవసరానికి వీరులం, అవసరం తీరితే అంటరానివాళ్లం.

కానీ ఆ సైన్యం నుంచి మనకు దక్కింది ఒకటుంది. తుపాకీ కాదు, బడి. సైనికుల పిల్లలకు పటాలంలో చదువు చెప్పేవాళ్లు. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సుబేదారు, సైన్యం బడిలో పంతులు. బాబాసాహెబ్ పుట్టింది 1891లో మౌ దండులో. ఊళ్లో పుట్టి ఉంటే ఆ చేతికి పలక అందేదా? ఆలోచించండి.

1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం దగ్గరికి వెళ్లారు. మూడు నెలలు తిరక్కుండా మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకుని తాగారు. కోరేగావ్‌లో పొద్దంతా దప్పికతో పోరాడింది ఇంకొకరి రాజ్యం కోసం. మహాడ్‌లో పోరాడింది మన దప్పిక కోసం. చేతిలో కత్తి లేకుండా చేసిన ఆ పోరే మనది.

ఆ రాయంటే ఇప్పటికీ గిట్టనివాళ్లున్నారు. 2018లో, 200 ఏళ్లు నిండిన రోజున, అక్కడికి వెళ్లిన జనం మీద రాళ్లు పడ్డాయి, బండ్లు తగలబడ్డాయి, ఆ గొడవల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఉత్త రాయైతే అంత కోపమెందుకు? దాని మీద పేర్లున్నాయి గనుక!

మరి మన వాడ పేర్లెక్కడున్నాయి? వెట్టి చెయ్యనని మొదట ఎదురు తిరిగిన తాత ఎవరు? బిడ్డను మొదట బడికి పంపిన తల్లి ఎవరు? బతికున్న ముసలోళ్లను ఈ వారమే అడగండి. చదువుకున్న పిల్లలు నోటు పుస్తకంలో రాయండి, మారుపేరు కాదు, నిండు పేరు. వచ్చే జనవరి 1న ఇదే చెట్టు కింద ఆ పేర్లు చదువుదాం.

జై భీమ్!