యోహాను అను పేరు
(రేడియో ప్రసంగ పాఠము)



నేటి ధ్యానమునకు లూకా సువార్త 1వ అధ్యాయము, 57 నుండి 66 వరకు గల వచనములు చదువుకొనండి. వృద్ధాప్యములో ఎలీసబెతుకు కుమారుడు పుట్టాడు. ఎనిమిదవ దినమున బంధువులు, ఇరుగుపొరుగువారు కూడివచ్చి, బిడ్డకు తండ్రి పేరే పెట్టబోయారు. తల్లి ఒప్పుకొనలేదు. యోహాను అని పెట్టాలన్నది. మీ బంధువులలో ఆ పేరుగలవారు ఎవరూ లేరే అని వారు అడ్డుపడ్డారు. మాట పడిపోయిన తండ్రి పలక అడిగి అదే పేరు వ్రాశాడు. వెంటనే ఆయన నోరు తెరువబడింది.

ఆ పేరులో ఏమున్నది? హెబ్రీ భాషలో అది యోహానాను. యెహోవా కృప చూపెను అని దాని అర్థము. హన్నా, హనన్యా అను పేర్లు కూడ ఆ కృప అను ధాతువునుండి వచ్చినవే. జెకర్యా అనగా యెహోవా జ్ఞాపకము చేసికొనెను. చూచారా! తండ్రి పేరులో దేవుని జ్ఞాపకము, కుమారుని పేరులో దేవుని కృప.

ఈ పేరు గ్రీకు, లాటిను భాషల ద్వారా లోకమంతా తిరిగింది. రష్యాలో ఇవాన్, ఇటలీలో జొవాన్ని, స్పెయిన్‌లో హువాన్, ఐర్లాండులో షాన్, ఇంగ్లాండులో జాన్ అయింది. అమెరికాలో 1880 నుండి 1923 వరకు ప్రతి సంవత్సరము మగపిల్లల పేర్లలో జాన్‌దే మొదటి స్థానము. 1924లో రాబర్ట్ ముందుకు వచ్చింది. ఇంగ్లాండు, వేల్స్‌లలో 1944లో కూడ జాన్ మొదటిదే; 1954 నాటికి ఆ స్థానము డేవిడ్‌కు పోయింది. విచిత్రమేమనగా, జాన్‌కు ముద్దుపేరైన జాక్ అక్కడ 1990ల మధ్యనుండి 2008 వరకు మొదటి స్థానములో నిలిచింది. పాత పేరే కొత్త చొక్కా తొడుగుకొని వచ్చింది!

మన ఇండ్లలోను ఇంతే కదా. తాతగారు యోహాను, తండ్రి జాన్ బాబు. మనుమనికి ఆ పేరు పెడదామంటే, పాత పేరు వద్దంటారు. ఆనాటి బంధువులు ఆ పేరు మీ ఇంట లేదని అడ్డుపడ్డారు. నేటివారు మీ ఇంట ఎప్పుడూ అదే పేరని అడ్డుపడుతున్నారు. కొత్త పేరు పెట్టుట తప్పు కాదు. జెకర్యా ఇంట యోహాను కూడ కొత్త పేరే. తాను తగ్గి ప్రభువు హెచ్చవలెనని కోరిన ఆ భక్తుడు, తన పేరు తగ్గినందుకు చింతించడు.

అయితే తల్లిదండ్రులారా, ఒక్క మాట ఆలోచించండి. బిడ్డను దినమునకు పదిసార్లు కృప అని అర్థమిచ్చు పేరుతో పిలుస్తారు. వాడు పరీక్ష తప్పి ఇంటికి వచ్చిన దినమున, పొరుగింటి పిల్లవానితో పోల్చి, ఎందుకు పుట్టావురా అంటారు. అప్పుడు ఆ పేరుకు అర్థమేమి మిగిలింది? వాడు కృపను నిఘంటువులో కాదు, మీ ముఖములో చదువుతాడు.

మీ బిడ్డ పేరు ఏదైనను సరే, ఈ రాత్రి వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పండి. వాడు పుట్టినప్పుడు మీరు దేవునికి చేసిన స్తుతిని వానికి వినిపించండి.

ప్రార్థించుకొందము. కృపగల తండ్రీ, మా పిల్లలకు మంచి పేర్లు పెట్టుకొన్నాము. ఆ పేర్లకు తగిన ఇండ్లుగా మా ఇండ్లను మార్చుము. యేసు నామమున, ఆమేన్.