తేరు మోసే భుజాలు, తేరు ఆగే గుమ్మాలు



నూరేండ్ల పండుగ వచ్చినప్పుడు కట్టిన గుడులను, నడిపిన బడులను, ఆసుపత్రులను లెక్క చెప్పుకోవడం ఆచారం. అది మంచిదే. అయితే ఏ లెక్కల పుస్తకంలోనూ చేరని ఆస్తి ఒకటి మనకు ఉన్నది. అది తేరు ప్రదక్షిణ. మరియతల్లి స్వరూపాన్ని పూలతో అలంకరించి, జపమాల చెప్పుకుంటూ, పాటలు పాడుకుంటూ వీధుల వెంట నడిచే ఆ నడకను గూర్చి నాలుగు మాటలు మనవి చేయాలని మా ఉద్దేశం.

గోదావరి డెల్టాలో పుట్టినవారికి కొండ అపురూపం. భీమవరం, నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు కాలువగట్టే మనకు ఎత్తు. కొండ చూడాలంటే పల్లం విడిచి మెట్టకు రావాలి. అలా వచ్చినవారికి దేవరపల్లి మండలంలో, జాతీయ రహదారి చెంతన, గౌరీపట్నం నిర్మలగిరి కనిపిస్తుంది. 1976లో ఏలూరు మేత్రాసనం ఏర్పడింది. దాని ప్రథమ పీఠాధిపతి జాన్ ములగాడ వారి కాలంలో ఈ కొండ పుణ్యక్షేత్రంగా పెరిగింది. 2022లో జిల్లాలను మరల విభజించినప్పుడు దేవరపల్లి మండలం పశ్చిమ గోదావరి నుండి తూర్పు గోదావరిలో చేరింది. జిల్లా మారినా యాత్రికుల దారి మారలేదు.

అక్కడి ఉత్సవం ఏటా మార్చి 22 నుండి 25 వరకు జరుగుతుంది. మార్చి 25 మంగళవార్త పండుగ, అనగా దేవదూత మరియతల్లికి శుభవార్త చెప్పిన దినం. డిసెంబరు 25కు సరిగా తొమ్మిది నెలల ముందు వస్తుంది. సాధారణంగా ఇది తపస్సుకాలంలో పడుతుంది. పవిత్ర వారంలో పడితే తిరుసభ ఈ పండుగను ఈస్టరు తరువాతకు జరుపుతుంది. 2024లో అట్లే ఏప్రిల్ 8న వచ్చింది. ఉపవాసముల నడుమ వచ్చే ఈ పండుగకు ఆర్భాటం కంటె నడకే తగినది. లూకా సువార్త చూడండి. మంగళవార్త విన్న వెంటనే మరియతల్లి చేసిన పని ఏమిటి? లేచి త్వరత్వరగా యూదా కొండసీమకు, ఎలిజబేతమ్మ ఇంటికి ప్రయాణమైనది. కడుపులో ప్రభువును మోసుకొని కొండదారి పట్టిన ఆ యువతి నడకే క్రైస్తవులకు మొదటి ప్రదక్షిణ అని మేము తలుస్తాము.

ఈ ఆచారం మనకు పరాయి దేశం నుండి వచ్చినదని కొందరు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. విజయవాడ గుణదలలో 1924లో మరియతల్లి స్వరూపాన్ని ప్రతిష్ఠించిన అర్లాటి గురువులు ఇటలీ నుండి వచ్చినవారే. కాని దానికి మనం పెట్టుకున్న పేరు తేరు. ఆ మాట మన నేలది. మోసే పద్ధతి కూడా మన నేల ఎరిగినదే. కోనసీమలో కనుమ నాడు పదకొండు గ్రామాల వారు ఏకాదశ రుద్రుల ప్రభలను జగ్గన్నతోటకు తీసుకొని వస్తారు. వరిచేలలోనుంచి, కౌశిక దాటించి, భుజాల మీదనే మోసుకొస్తారు. దైవం పేరిట బరువు ఎత్తుకోవడం ఎట్లో మన పొరుగువారికి తెలుసు, మనకూ తెలుసు.

ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ దీవిలో కొండపల్లెల పండుగలకు ఈ ప్రదక్షిణే ప్రాణం. అక్కడి ట్రపాని పట్టణంలో శుభ శుక్రవారం నాడు ప్రభువు శ్రమలను చూపే ఇరవై స్వరూపాల వరుస బయలుదేరుతుంది. జాలరులు, ఉప్పు మడుల కూలీలు, రొట్టెలు కాల్చేవారు, ఇట్లు ఒక్కొక్క వృత్తి వారు ఒక్కొక్క స్వరూపాన్ని భుజాన వేసుకుంటారు. శుక్రవారం మధ్యాహ్నం మొదలైన నడక మరునాటి మధ్యాహ్నానికి గాని ముగియదు. కాయకష్టం చేసుకునేవారి భుజాలకు ఆ ఊరు ఇచ్చిన గౌరవం అది.

అదే దేశంలో మరొక తీరు కూడా జరిగింది. 2014 జులైలో కలాబ్రియా ప్రాంతంలోని ఒప్పిదో మామెర్తీనా అనే ఊరిలో మరియతల్లి ప్రదక్షిణను ఒక నేరస్థుల ముఠా నాయకుని ఇంటి ఎదుట ఆపి, గౌరవం చూపారని వార్తలు వచ్చాయి. అక్కడి పీఠాధిపతి తన మేత్రాసనం అంతటా ప్రదక్షిణలనే కొంతకాలం నిలిపివేశారు. 2016లో సిసిలీలోని కొర్లియోనె పట్టణంలోనూ సువార్తికుడైన యోహాను స్వరూపం మాఫియా నాయకుని భార్య ఇంటి ముందు ఆగిందని పెద్ద అలజడి రేగింది. ఒక్క నిమిషం ఆగితే అంత గొడవ ఎందుకు? తేరు ఏ గుమ్మం ముందు ఆగితే ఆ గుమ్మాన్ని పెద్దదని ఒప్పుకున్నట్లు ఊరంతా అర్థం చేసుకుంటుంది గనుక.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాము. ఇక్కడ ముఠా నాయకులు లేకపోవచ్చు. కాని కొన్ని చోట్ల చందా ఎక్కువ ఇచ్చినవారి ఇంటి ముందు తేరు ఎక్కువసేపు ఆగుతుంది. పేట చివరి పాకకు వచ్చేసరికి బ్యాండు మేళం అలసిపోతుంది, దీపాల బండి తిరుగుముఖం పడుతుంది. ఆ పాక ముందు ఒక ముసలమ్మ కొవ్వొత్తి పట్టుకొని ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆమె చూపుకు మన ప్రసంగాలలో ఏది సమాధానం?

ఇది చిన్న విషయం కాదు. డెల్టాలో మన విచారణలు చాలా వరకు పేటలలో పుట్టినవి. పేట వారి పెళ్లి ఊరేగింపును ఊరి నడివీధిలోకి రానివ్వని రోజులు మన తాతలు ఎరుగుదురు. 1955లో చేసిన అస్పృశ్యతా నేరముల చట్టం 1976 నాటి సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయినది. అంటరానితనం పేరిట ఒకరిని దారిన నడవనివ్వకపోవడం, మతపరమైన ఊరేగింపులో పాల్గొననివ్వకపోవడం ఆ చట్టం ప్రకారం నేరం. చట్టం దారి చూపింది. ఆ దారిన తలెత్తుకొని నడిచే ధైర్యం మాత్రం ఎన్నో ఊళ్లలో మరియతల్లి తేరు వెంట నడిచినప్పుడే అలవడింది. ఒకప్పుడు దొరల పల్లకి మోయడం కొందరికి విధించిన చాకిరీ. తల్లి తేరు మోయడం కోరి తీసుకున్న భాగ్యం. ఆ భాగ్యంలో కులం చూచి, సొమ్ము చూచి వంతులు పంచితే పాత వీధిని మరల మనమే కట్టుకున్నట్లు.

ఇక రెండవ సంగతి. ఈనాడు చాలా చోట్ల తేరును ట్రాక్టరు మీదో వ్యాను మీదో ఎక్కిస్తున్నారు. ముందర జనరేటరు, వెనుక సౌండు పెట్టెలు. వాహనం అవసరమైన చోట తప్పు పట్టడానికి మేము రాలేదు. దూరం ఎక్కువ, రహదారి మీద లారీల రద్దీ, వయసు మళ్లినవారి సౌకర్యం, ఇవన్నీ చూసుకోవలసినవే. కాని పూర్వవేదం ఒక పాఠం చెబుతున్నది. దావీదు రాజు దేవుని మందసాన్ని క్రొత్త బండి మీద తెచ్చాడు. ఎడ్లు తూలాయి, పట్టుకోబోయిన ఉజ్జా మరణించాడు. మందసం మూడు నెలలు ఓబేదెదోము ఇంట ఉన్నది. రెండవ మారు లేవీయులు మోతకర్రలతో భుజాన మోసి యెరూషలేముకు చేర్చారు. సంఖ్యాకాండము ఏడవ అధ్యాయంలో మిగిలిన లేవీయులకు బండ్లు, ఎడ్లు ఇచ్చి, పవిత్ర వస్తువులు మోసే కోహాతు వంశీయులకు మాత్రం బండి ఇవ్వలేదు. వారి భుజాలే బండి. పవిత్రమైనదాన్ని సుళువుగా కదిలించడం వేరు, భరించడం వేరు. 2001లో రోము నగరపు దివ్యారాధన శాఖ ప్రజాభక్తిని గూర్చి వెలువరించిన మార్గదర్శిలో కూడా ప్రదక్షిణ కేవలం వేడుకగా దిగజారకూడదని హెచ్చరిక ఉన్నది.

కనుక ప్రతి విచారణ పెద్దల సంఘం ముందు మేము నాలుగు మనవులు ఉంచుతున్నాము. ఒకటి, తేరు మోసే వంతులను చందా పట్టీని బట్టి కాక చీటీలు తీసి నిర్ణయించండి. కూలికి పోయేవారు, చేపలు పట్టేవారు, చదువుకునే పిల్లలు, స్త్రీలు అందరికీ అందులో వంతు ఉండాలి. రెండు, ఎక్కడెక్కడ ఆగాలో ముందుగానే గుడిలో చదివి వినిపించండి. ప్రతి చోట ఒకే ప్రార్థన, ఒకే సమయం. మూడు, ప్రదక్షిణ పేట చివరి ఇంటి నుండి మొదలై ఊరి నడివీధికి రావాలి. ఆ ముసలమ్మ కొవ్వొత్తి అందరికంటె ముందుగా వెలగాలి. నాలుగు, బండి తప్పనిసరి అయినప్పుడు కూడా గుడి వాకిట మొదటి వంద అడుగులు, చివరి వంద అడుగులు భుజాల మీదనే సాగాలి.

నిర్మలగిరి మెట్లు ఎక్కేవారిని గమనించండి. డెల్టా ఆసామి, మెట్ట పొగాకు కూలీ, ఆటో నడిపే అబ్బాయి, అందరికీ మెట్లు ఒకటే, ఆయాసం ఒకటే. కొండ ఎవరికీ వంగదు. మన ఊరి తేరు కూడా అట్లే ఏ గుమ్మానికీ వంగక, ఏ గుమ్మాన్నీ విడువక నడవాలి. ఆ కృపను మరియతల్లి వేడుదల ద్వారా క్రీస్తునాథుడు మనకు దయచేయుగాక.