ఎడమప్రక్కనున్న పిత్తాశయము
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిత్తాశయము కుడిప్రక్కన, కాలేయము క్రింద నుండునని మన పిల్లలు చదువుచున్నారు. ఇంచుమించు 10,000 మందిలో ఒకరికి మాత్రము గుండె కుడివైపునను, కాలేయ పిత్తాశయములు ఎడమవైపునను, అద్దములోని ప్రతిబింబమువలె అమరియుండును. ఇది దానంతట రోగము కాదు. పిత్తాశయమున రాళ్లు చేరినపుడే చిక్కు. నొప్పి ఎడమప్రక్క పుట్టుటచే అజీర్ణమో, గుండెజబ్బో యని కాలము గడచిపోవును.

చిన్న రంధ్రములగుండ పిత్తాశయమును తొలగించు పద్ధతిని 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే ఆరంభించెను. ఇట్టి తారుమారైన దేహములకును అది చెల్లునని 1991లోనే వైద్యపత్రికలలో వెలువడినది. వైద్యుడు మామూలుగా నిలుచు ఎడమప్రక్క విడిచి, రోగికి కుడిప్రక్కన నిలుచును. లోపలి దృశ్యము చూపు తెరయు, రంధ్రములును ఎదుటిప్రక్కకు మారును. అంతతో తీరదు. కుడిచేతివాటము గలవానికి చేతులు ఒకదానికొకటి అడ్డుపడును. కొందరు ఎడమచేతితోనే పని నడపుదురు. కొందరు పిత్తాశయమును సహాయకునిచే పట్టింతురు. ప్రధాన పిత్తనాళమునకు గాయమైన ముప్పు పెద్దది గనుక, నాళములను తేటగా గుర్తించువరకు దేనిని కోయరు. ఈ నిదానమునే మేము మిక్కిలి మెచ్చుచున్నాము.

మనము బాధను తెలుగున చెప్పుకొందుము. వైద్యుడు తరచు వేరొక భాషవాడు. ఎడమయన్న మాటను నడుమ నున్నవారు కుడిగా దిద్దుటయు కలదు. బిడ్డ గుండె కుడివైపున నున్నదని తెలిసినవారు ఆ ఎక్స్‌రేను భద్రపరచి, ఏ ఆసుపత్రికి పోయినను ముందుగా చూపుడు. నొప్పిచోటును చేయిపెట్టి చూపుడు.