పాట నదిని కడగదు, కడిగేటోళ్లను ఒడ్డుకు తెస్తది
(నల్లగొండల యువ కవిగాయకుల శిబిరంల చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గర నీళ్ల మీద పాటకు కొదువ లేదు. వాగు ఎండిపోయిన గోసను గోరటి వెంకన్న పాట కట్టిండు. కృష్ణా, గోదావరి నీళ్ల లెక్క ఊరూరికి చేరింది ధూంధాం వేదికల మీదినుంచే. నీళ్లల్ల మా వాటా ఎంత అని అడుగుడు పాట నేర్పింది. ఆ నీళ్లు ముట్టుకునేటట్టు ఉన్నయా అని అడుగుడు ఇంకా గట్టిగ నేర్పలేదు. ఇయ్యాల నా మాట దాని మీదనే.

అమెరికాల న్యూయార్క్ రాష్ట్రంల హడ్సన్ అనే నది ఉన్నది. దాని ఒడ్డున బీకన్ అనే ఊర్ల పీట్ సీగర్ ఉండేటోడు. బాంజో పట్టి పాడే ప్రజా గాయకుడు. ఊర్ల మురుగు, ఫ్యాక్టరీల విషం అన్నీ ఆ నదిలకే. 1960ల మొదట్ల ఆ మురికి మీద పాట రాసిండు. రాసి ఊకోలేదు. 1966ల భార్య తోషితోటి, మిత్రులతోటి కలిసి సంస్థ పెట్టిండు. కచేరీలు చేసి, చందాలు పోగుచేసి 106 అడుగుల తెరచాప పడవ కట్టిచ్చిన్రు. పేరు క్లియర్‌వాటర్, అంటే తేటనీళ్లు. 1969 మే నెలల అది నీళ్లల్ల దిగింది.

పడవ ఎందుకు? కంపు కొట్టే నదికి జనం మొఖం తిప్పుకుంటరు. మొఖం తిప్పుకున్నోళ్లు నదిని కాపాడరు. రేవుకు పడవొస్తే చూసేటందుకు వస్తరు. పాట వింటరు, కోరస్ అందుకుంటరు. పిల్లలు పడవెక్కి వలేసి చేపను చూస్తరు, నీళ్లను పరీక్ష చేస్తరు. అటెనుక సంతకం పెట్టుమంటే పెడతరు, సభకు రమ్మంటే వస్తరు. 1972ల అక్కడ నీటి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చిందంటే, దేశమంతట లేచిన ఒత్తిడిల ఈ పడవది కూడా ఒక చెయ్యి.

పాట ఒక్కటే గెలిచిందంటే మాత్రం అబద్ధం. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫ్యాక్టరీలు రెండు 1947 నుంచి 1977 దాకా పీసీబీ అనే విష రసాయనాన్ని హడ్సన్‌ల కలిపినయి. కంపెనీ ఖర్చుతోటే బురద తోడాలె అని 2002ల ప్రభుత్వం తేల్చింది. తోడుడు 2009ల మొదలై 2015 దాకా సాగింది. సీగర్ 2014ల పోయిండు. అక్కడి చేపలు తినొద్దనే హెచ్చరికలు ఇప్పటికీ ఉన్నయి. పాట పుట్టినకాన్నుంచి బురదకు యంత్రం దిగేదాక దగ్గర దగ్గర యాభై ఏండ్లు. అంత ఓపిక ఉంటేనే ఈ పనికి రావాలె.

ఇగ మన మూసీ. అనంతగిరి గుట్టల్ల పుట్టి, హైదరాబాద్ నడుమ పారి, వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది. 1908 వరద తర్వాత 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ కట్టిన్రు. ఆ చెరువుల చుట్టు పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు రావద్దని 1996ల 111 జీవో వచ్చింది. 2022ల 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. పట్నంల నల్లా తిప్పినోడు ఆ నీళ్లను అక్కడనే మరిచిపోతడు. అవే మురుగై వచ్చి కింద మన రైతు కాళ్లకు తాకుతయి.

పాట కట్టే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నాలుగు మాటలు. ఒకటి, అమ్మా మూసమ్మా అని ఏడిస్తే సరిపోదు. ఏ నాలా ఎక్కడ కలుస్తున్నదో, ఏ జీవో ఏం చేసిందో పాటల రావాలె. రెండు, కోరస్ చిన్నగుండాలె. మైకుకు కరెంటు కావాలె, పర్మిషన్ కావాలె. డప్పుకు, గజ్జెలకు ఆ బాధ లేదు. మూడు, ఒడ్డు మీది మనిషిని మరువద్దు. 2024ల నదీగర్భంల ఇండ్లకు గుర్తులు వేసిన్రు. నదిని పొగిడి ఆ ఇంటి తల్లిని ఇడిసిపెట్టిన పాట సర్కారు ప్రకటన అయితది గాని మన పాట కాదు. నాలుగు, పాట అయిపోంగనే పని మొదలుకావాలె. విద్యార్థులు నీళ్లు పట్టి ల్యాబుకు పంపాలె. ఉద్యోగ మిత్రులకు ఫైలు చదువుడు తెలుసు. సమాచార హక్కు దరఖాస్తు మీరు రాసియ్యాలె. కాలుష్య నియంత్రణ మండలి జవాబును మళ్ల పాట కట్టి ఊరికి వినిపియ్యాలె.

మురుగు పైనుంచి కిందికి వస్తున్నది. మన పాట వాడపల్లిల మొదలై, ఒడ్డు పొంటి ఒక్కొక్క ఊరిని కలుపుకుంట అనంతగిరి దాకా పోవాలె. మొదటి ఊరు ఏదో, ఎవరెవరు వస్తరో ఈ శిబిరం ముగిసేలోపే తేల్చుకుందాం.