మచ్చ ముందు, పరీక్ష తరువాత



మనలో చాలామందికి కూతురో కొడుకో అమెరికాలో ఉంటున్నారు. పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వైపు వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసిన జబ్బు ఒకటుంది. దాని పేరు లైమ్ వ్యాధి. లైమ్ అంటే నిమ్మకాయ కాదు సుమండీ, కనెక్టికట్‌లో ఒక ఊరు.

ఈ జబ్బు బయటపడింది తల్లుల పట్టుదల వల్లనే. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా పిల్లలకు మోకాళ్ళు వాస్తుంటే, 1975లో పాలీ ముర్రే అనే గృహిణి, మరొక తల్లి ఆరోగ్యశాఖకూ యేల్ విశ్వవిద్యాలయం వైద్యులకూ చెప్పుకున్నారు. అప్పుడు డాక్టర్ అలెన్ స్టీర్ పరిశోధన మొదలుపెట్టారు. దీనికి కారణమైన బాక్టీరియాను 1981లో విలీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు పిడుదుల పొట్టలో కనిపెట్టారు.

పశువులనూ కుక్కలనూ పట్టుకునే పిడుదులు మనం ఎరిగినవే. అక్కడి జింక పిడుదు పిల్లదశలో గసగసాల గింజంతే ఉంటుంది. కుట్టినా నొప్పి తెలియదు. తరువాత 3 నుంచి 30 రోజుల లోపల చాలామందికి ఎర్రటి మచ్చ లేచి, రోజురోజుకూ వెడల్పవుతుంది. మనబోటి చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు అంతగా తెలియదు. అంచేత మరింత శ్రద్ధగా చూసుకోవాలి. కొందరికి మచ్చే రాదు, జ్వరం, ఒళ్ళునొప్పులు మాత్రమే వస్తాయి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "రక్తపరీక్షలో ఏమీ లేదన్నారమ్మా" అని అమ్మాయి అనగానే మనం హమ్మయ్య అనుకుంటాం. కాని ఆ పరీక్ష బాక్టీరియాను వెతకదు. దాన్ని ఎదుర్కోవడానికి మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి కనబడేటంతగా తయారుకావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆవకాయ కలిపిన పూటే రుచి చూసి ఊరలేదంటే ఎలా? మచ్చ స్పష్టంగా ఉంటే, ఆ ప్రాంతాల్లో డాక్టర్లు పరీక్షకోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. అప్పుడు తేలిగ్గా నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే మోకాళ్ళ వాపు, ముఖం ఒకవైపు వాలిపోవడం, గుండె లయ తప్పడం వంటివి రావచ్చు. గర్భిణి అయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, ఇచ్చే మందు మారుతుంది.

మచ్చ లేనప్పుడు, రోజులు గడిచాక, పరీక్ష బాగా పనికొస్తుంది. అది రెండు మెట్లుగా జరుగుతుంది. మొదటిది ఎలీసా వంటిది. వేరే జబ్బులున్నా అది ఒక్కోసారి ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే రెండవ పరీక్షతో సరిచూస్తారు. 1994లో ఖరారైన పద్ధతిలో రెండవది వెస్టర్న్ బ్లాట్. 2019 నుంచి దానికి బదులు మరో ఎలీసా చేయడానికి కూడా అక్కడ అనుమతి ఉంది. రెండూ ఉందంటేనే ఉన్నట్టు లెక్క.

మరో సంగతి. జబ్బు నయమైనా యాంటీబాడీలు ఏళ్ళ తరబడి రక్తంలో ఉండిపోవచ్చు. అమ్మవారు తగ్గిపోయినా మచ్చలు మిగలవూ? అలాగన్నమాట. కాబట్టి తగ్గిందా లేదా అని మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించి బెంగపడటం దండగ. అలాగని ఒకసారి వచ్చిందిగదా, ఇక రాదనీ అనుకోకూడదు.

పచ్చికలో ఆడి వచ్చిన పిల్లల తలలో, చెవుల వెనుక, చంకల్లో, మోకాళ్ళ వెనుక తడిమి చూడండి. పిడుదు కనిపిస్తే నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ముల్లు తీసే సన్నటి శ్రావణంతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిన్నగా పైకి లాగండి. ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో, దాన్ని ఎంతవరకు నమ్మాలో డాక్టరు తేల్చుకోవడానికి ఆ తేదీయే ఆధారం. మన ఊరు తిరిగి వచ్చాక మచ్చో జ్వరమో కనబడితే, అమెరికా వెళ్ళొచ్చిన సంగతి ఇక్కడి డాక్టరుకు చెప్పడం మరవకండి.