చూపుతో మాట్లాడే ఫోను



పక్షవాతం వచ్చి నోరు పడిపోయినవాళ్లను మీరు చూసే ఉంటారు. చెయ్యి లేవదు. మాట రాదు. దాహం వేసినా అడగలేరు. "పాపం, ఆయనకేం తెలుస్తుందిలే" అనుకుంటాం. అది పొరపాటు. చాలామందికి మనసులో అంతా తెలుస్తూనే ఉంటుంది.

ఫ్రాన్సు దేశంలో జాన్ డొమినిక్ బోబీ అనే పత్రికా సంపాదకుడు ఉండేవారు. 1995లో ఆయనకు మెదడు దెబ్బతిని ఒళ్లంతా చచ్చుబడింది. ఎడమ కంటి రెప్ప మాత్రం ఆడేది. ఒకామె పక్కన కూర్చుని అక్షరాలు వరసగా చదివేది. కావలసిన అక్షరం రాగానే ఆయన రెప్ప కొట్టేవారు. ఆమె రాసుకునేది. అలా అక్షరం అక్షరం కూర్చి ఒక పుస్తకమే రాశారు! అది 1997లో అచ్చయింది.

అప్పుడు పక్కన మనిషి ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని కొంత ఫోను చేస్తోంది. ఎలాగో చూద్దాం.

ఫోనుకు ముందువైపు చిన్న కెమెరా ఉంటుంది. అది మన కంటిని చూస్తుంది. మనం ఎడమకు చూస్తే నల్లగుడ్డు ఎడమకు జరుగుతుంది. పైకి చూస్తే పైకి పోతుంది. దాన్ని బట్టి మన చూపు ఎటు ఉందో ఫోను లెక్క కడుతుంది.

2020లో గూగుల్ సంస్థ 'లుక్ టు స్పీక్' అనే యాప్ తెచ్చింది. తెరమీద ఎడమవైపు కొన్ని మాటలు, కుడివైపు కొన్ని మాటలు ఉంటాయి. మన మాట ఎటు ఉంటే అటు చూడాలి. రెండోవైపువి పోతాయి. మిగిలినవి మళ్లీ రెండు భాగాలవుతాయి. చివరికి ఒక్క మాట మిగులుతుంది. దాన్ని ఫోను పైకి చదువుతుంది.

2024లో ఆపిల్ సంస్థ కూడా తన కొత్త ఐఫోన్లలో ఇలాంటి వీలు కల్పించింది. ముందుగా తెరమీద కదిలే చుక్కను కళ్లతో వెంబడించాలి. అలా మన చూపును ఫోను నేర్చుకుంటుంది. తర్వాత ఒక గుర్తు మీద చూపు కాసేపు నిలిపితే చాలు. వేలితో నొక్కినట్టే!

అయితే ఫోను కదలకుండా ఉండాలి. మొహం మీద వెలుతురు పడాలి. లేకుంటే గురి తప్పుతుంది.

మరి ఇందులో మన పని ఏమిటి? 'లుక్ టు స్పీక్'లో కావలసిన మాటలు మనమే రాసిపెట్టుకోవచ్చు. అవి రాయాల్సింది ఇంట్లోవాళ్లే. మంచంలో ఉన్న మనిషి వాటిని చదవాలి. చదువు రానివాళ్ల కోసం 2024లో బొమ్మలు కూడా పెట్టారు. మంచిదే. 'దాహం' అని చెప్పడానికి బొమ్మ చాలు. 'నిన్న నీమీద కోప్పడ్డాను, మనసులో పెట్టుకోకు' అని చెప్పాలంటే? దానికి అక్షరమే కావాలి.

ఫోను లేదా? పలక ఉంది కదా! నాలుగు మాటలు రాసి, ఒక్కొక్కటే వేలితో చూపించండి. రెప్ప ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. తొందరపడకండి. ఆ కళ్లవైపు చూస్తూ ఉండండి.