రోగి చొక్కాకు బ్యాడ్జి ఉండదు

పట్టాలు అందుకుంటున్న రేడియోగ్రఫీ, నర్సింగ్ విద్యార్థులకు అభినందనలు. రేపటి నుంచి మీలో స్కానింగ్ గదిలో పనిచేసేవాళ్ల ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే, మీ ఒంటికి తగిలిన రేడియేషన్ ఎంతో లెక్క కట్టి రాసి ఉంచుతారు. అణుశక్తి నియంత్రణ మండలి మీకో పరిమితి కూడా పెట్టింది: ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బల్ల మీద పడుకున్న రోగికి మాత్రం ఆ బ్యాడ్జీ లేదు, ఆ పరిమితీ లేదు. ఇది చట్టంలో లొసుగు కాదు, కావాలనే అలా వదిలారు. తలలో రక్తస్రావమైన మనిషితో ఈ ఏడాది మీ కోటా అయిపోయిందని అనలేం కదా. కానీ అంకె లేనిచోట హద్దు పెట్టాల్సింది మన విచక్షణే. అది డాక్టర్లది మాత్రమే కాదు, అందులో మీకూ వాటా ఉందన్నదే నా వాదన.

ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి తగిలే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. భీమిలి తీరంలో మోనజైట్ ఇసుక ఉన్నచోట ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లోపే. మామూలు పద్ధతిలో తలకు సీటీ తీస్తే సుమారు 2, ఛాతీకి 5 నుంచి 7, పొట్టకు ఇంకా ఎక్కువ. తొమ్మిది యూరప్ దేశాల్లో చిన్న వయసులో సీటీ తీయించుకున్న దాదాపు 9.5 లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. స్కాన్ తీసిన ప్రతి పదివేలమంది పిల్లల్లో, ఆ కారణంగా, పన్నెండేళ్లలోపు ఒకరిద్దరికి రక్త సంబంధమైన క్యాన్సర్ రావచ్చని అది తేల్చింది. ఒకరిద్దరి కోసం ఇంత రాద్ధాంతమా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. స్కాన్ అవసరమైనప్పుడు ఆ ముప్పును లెక్కచేయనక్కర్లేదు. అవసరం లేనప్పుడు మాత్రం తక్కెడలో రెండో పళ్లెం ఖాళీ.

2021 మే నెల, కోవిడ్ రోజులు గుర్తుచేసుకోండి. జ్వరం వస్తే చాలు, ఛాతీ స్కానింగ్‌కి పరుగులు. స్కోరు 25కి ఎంతొచ్చిందన్నది ఇంటింటా మాటైపోయింది. అప్పుడే, ఆనాటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300-400 ఎక్స్‌రేలతో సమానమన్నారు. రేడియాలజిస్టుల సంఘం ఒప్పుకోలేదు. అది పాత లెక్క, కొత్త యంత్రాలతో ఐదు పది ఎక్స్‌రేలంతే అంది. యంత్రాన్ని బట్టి, సెట్టింగులను బట్టి అంకె మారుతుంది, నిజమే. అయినా అసలు ప్రశ్న ఆ గొడవలో మరుగున పడింది. ఆక్సీమీటర్‌లో 97 చూపిస్తూ, తేలిక లక్షణాలతో ఇంట్లో ఉన్న మనిషికి స్కోరు ఎంతొచ్చినా ఆ రోజు ఇచ్చే మందు మారేది కాదు. డోసు పది ఎక్స్‌రేలైనా, నాలుగు వందలైనా, అది వృథాయే.

ఇక మన ప్రాంతంలో రోగి తిరిగే దారి సంగతి. గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ల రోగి ఆర్‌ఎంపీ దగ్గర మొదలుపెట్టి విజయనగరం వెళ్తాడు, అక్కడ కుదరకపోతే విశాఖ. పాత ఫిల్ములు ఇంట్లో బీరువా మీద ఉంటాయి, సీడీ ఇచ్చినా అక్కడి కంప్యూటర్లో తెరుచుకోదు. దాంతో అదే భాగానికి మళ్లీ స్కాన్. స్కానింగ్ గదిలోపల జరిగేది ఇంకా సూక్ష్మం. కాంట్రాస్ట్ ఒక్కటే చాలినచోట ముందు ప్లెయిన్ కూడా తీస్తే డోసు దాదాపు రెట్టింపు. ఛాతీ అడిగినప్పుడు పొట్ట సగం దాకా బల్ల జరిపితే అదీ అదనమే. ఆరేళ్ల పిల్లాడికి పెద్దవాళ్ల సెట్టింగు పెడితే నష్టం అన్నిటికన్నా ఎక్కువ. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చిన రోగికైతే రేడియేషన్ కంటే ముందు క్రియాటినిన్ చూడాలి, కాంట్రాస్ట్ మందు బలహీనమైన కిడ్నీకి భారం కావచ్చు.

స్పెషలిస్టులు దొరకని ప్రాంతంలో యంత్రమే దిక్కు, దాన్నీ ఆపితే ఎలా అనే అభ్యంతరం బలమైనదే. హైవే మీద ప్రమాదంలో స్పృహ తప్పినవాణ్ని, మూతి వంకరపోయి చెయ్యి పడిపోయినవాణ్ని ఒక్క నిమిషం కూడా ఆపొద్దు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, రక్తస్రావం లేదని సీటీ తేల్చాకే అది ఇవ్వాలి. కోర్టు భయంతో రాసే స్కాన్ల మాట వేరు. తలకు దెబ్బ తగిలిన 42 వేలమంది అమెరికా పిల్లలపై 2009లో వచ్చిన అధ్యయనం ఏ లక్షణాలు లేకపోతే స్కాన్ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చో చెప్పింది. ఆ లక్షణాలు లేవని కేస్‌షీటులో రాసుకున్న డాక్టరుకు ఫిల్ము కంటే ఆ కాగితమే ఎక్కువ రక్షణ అని నా అభిప్రాయం.

డాక్టరు గారు రాసినదాన్ని అడగడానికి మేమెవరమని మీరనొచ్చు. కాదనమని నేను చెప్పడం లేదు. బల్ల ఎక్కించే ముందు, ఇంతకుముందు ఎక్కడైనా తీయించారా అని అడగండి. స్కాన్ అయ్యాక కన్సోల్ మీద కనిపించే, స్కాన్ మొత్తం డోసును సూచించే డీఎల్‌పీ అంకెను రిపోర్టులో చేర్చండి. మొన్ననే తీశారని తెలిస్తే ఒక్క ఫోన్ చేయండి. అయినా తీయమంటే తీయాలి, ఆ నిర్ణయం వారిది. పాత స్కాన్ ఉందన్న సంగతి వారి చెవిన వేయడం మాత్రం మీ పనే, ఎందుకంటే ఆ సమయానికి అది తెలిసింది మీ ఒక్కరికే.